కొత్త మూత్రపిండమూ ఒంటబట్టని టీకా

చెరకు తోటల పనికి ఓడలెక్కి వచ్చిన మన తాతముత్తాతలు పెద్దగా వినని జబ్బులు రెండు ఇప్పుడు మన ఇళ్ళలో స్థిరపడి కూర్చున్నాయి. ఒకటి చక్కెర వ్యాధి, రెండోది రక్తపుపోటు. మారిషస్‌లో పెద్దవారిని తీసుకుంటే సుమారు ఐదుగురిలో ఒకరికి చక్కెర వ్యాధి ఉంది. ఫిజీలోనూ, నేటాల్‌లోనూ మనవారి సంగతి చెప్పుకోదగినంత మెరుగు కాదు. ఈ రెండు జబ్బులూ ఏళ్ళ తరబడి అదుపు తప్పితే దెబ్బతినేవి మూత్రపిండాలు. అవి పూర్తిగా చెడిపోతే మిగిలే దారులు రెండే: డయాలిసిస్ యంత్రం, లేదా ఇంకొకరి మూత్రపిండం.

అమెరికాలో 2024లో ఒక్క ఏడాదిలోనే 48 వేలకు పైగా అవయవ మార్పిడులు జరిగాయి. వాటిలో సగానికి మించి మూత్రపిండాలే. ఫిజీ నుండి కాలిఫోర్నియాకు చేరినవారిలోనూ, ఇతర దీవుల నుండి వెళ్ళిన మన బంధువులలోనూ ఈ చికిత్స పొందినవారు ఉన్నారు. వారి ఇళ్ళలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. "టీకా వేయించుకున్నాను, రక్తపరీక్షలో రక్షణ ఏమీ కనబడలేదన్నారు. మార్పిడి మాత్రలు నాలుగు రోజులు మానేస్తే టీకా ఒంటబడుతుందట, నిజమేనా?" ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే. దీనికి జవాబు అవును, కాదు అని ఒక్క ముక్కలో తేలేది కాదు. తప్పుగా అర్థం చేసుకుంటే మాత్రం దానమిచ్చిన అవయవమే పోతుంది.

ముందు ఆ మాత్రలు ఎందుకో చూద్దాం. మన శరీరం తనది కానిదాన్ని సహించదు. అది రోగక్రిమి అయినా సరే, అన్నయ్య ఇచ్చిన మూత్రపిండమైనా సరే, దానికి ఒక్కటే. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరంలోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన మూత్రపిండ మార్పిడి మొట్టమొదటిసారిగా దీర్ఘకాలం నిలిచింది. ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఒకే పోలిక గల కవల సోదరులు కావడమే అందుకు కారణం. ఒకరి శరీరం మరొకరి అవయవాన్ని పరాయిదిగా గుర్తించలేదు. కాని అందరికీ కవలలు ఉండరు కదా! అందుచేత శరీరపు కాపలాను మందులతో మందగింపజేయడం తప్పనిసరి అయింది.

ఆ మందగింపుకు చెల్లించవలసిన మూల్యం ఏమిటో దక్షిణాఫ్రికా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రిలో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో మొదటిసారి ఒక మనిషి గుండెను ఇంకొక మనిషికి అమర్చారు. ఆ గుండెను పొందిన లూయీ వాష్కాన్‌స్కీ 18 రోజులు జీవించారు. ఆయనను బలిగొన్నది గుండె కాదు, అది చక్కగానే కొట్టుకుంది. కాపలా మందగించిన శరీరంలో న్యుమోనియా ప్రవేశించింది. అప్పటికీ ఇప్పటికీ మందులు ఎంతో మెరుగుపడ్డాయి. చిక్కు మాత్రం అదే చిక్కు. అవయవాన్ని కాపాడే మందు రోగానికి తలుపు తెరుస్తుంది. ఆ తలుపు మూయడానికి టీకా వేద్దామంటే, ఆ మందే టీకాను కూడా పనిచేయనివ్వదు.

టీకా అనే మాట చూడండి. మా తెలుగు తరగతిలో పద్యం చెప్పేటప్పుడు మేష్టారు "టీకా తాత్పర్యాలు" రాయించేవారు. అక్కడ టీకా అంటే కఠిన పదాలకు అర్థం విప్పి చెప్పడం. సూదిమందు టీకా వేరే మాటే అయినా చేసే పని దాదాపు ఇదే. అసలు రోగం వచ్చేలోగా దాని గుర్తులను శరీరానికి ముందుగా విప్పి చెబుతుంది. అయితే పాఠం చెప్పగానే సరా? వినేవాడు మేలుకొని ఉండాలి.

శరీరంలో ఆ పాఠం వినే ఏర్పాటు మన పాత తోటల పనిలాంటిదే అనుకోవచ్చు. కావలివాడు ఒకడు పరాయి వస్తువు ముక్కను పట్టుకొని సర్దారు దగ్గరికి తెస్తాడు. సర్దారు చూసి, కేకవేసి, పనివాళ్ళను దించుతాడు. పనివాళ్ళు ఒకరు ఇద్దరై, ఇద్దరు నలుగురై, వేలకు వేలుగా పెరిగి యాంటీబాడీలు అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తారు. వైద్యులు సర్దారును సహాయక టి కణం అనీ, ఈ పనివాళ్ళను బి కణాలనీ అంటారు. మార్పిడి మందులు ఈ వరుసలో తలా ఒకచోట పట్టుకుంటాయి. టాక్రోలిమస్ సర్దారు గొంతు నొక్కుతుంది, కేక బయటికి రాదు. మైకోఫెనొలేట్ పనివాళ్ళ సంఖ్య పెరగకుండా చేస్తుంది. కణం రెండుగా చీలాలంటే కొత్త కేంద్రక పదార్థం కావాలి, దానికి ఇటుకలు కావాలి. ఈ మందు ఆ ఇటుకల బట్టీని ఆపుతుంది. బెలటాసెప్ట్ అని 2011లో అమెరికాలో అనుమతి పొందిన సూదిమందు ఉంది. కావలివాడు సర్దారుతో చెప్పవలసిన రెండో మాటను అది అడ్డుకుంటుంది. టీకాలు అతి తక్కువగా ఒంటబట్టేవారిలో ఈ మందు మీద ఉన్నవారు ముందు వరుసలో ఉంటారు.

ఇటుకల బట్టీని ఆపే విద్యకు మొదటి రోజుల్లో దారి వేసినవారిలో ఒక తెలుగువారు ఉన్నారని మన పిల్లలకు చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లం ఆ ఇటుకల తయారీకి అవసరమైన పదార్థం. ఆయన బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఆపైన దానికి ఎదురు నిలిచే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులూ అక్కడి నుండే వచ్చాయి. మొదట కాన్సరుకు వాడిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్ళవాతానికి లక్షలాది మంది మింగుతున్నారు. ఆ మందు పేరు గుర్తుపెట్టుకోండి, మాత్రలు మానే ప్రశ్న దగ్గర మళ్ళీ వస్తుంది.

ఇక టీకా సంగతి. కోవిడ్ టీకాలు 2020 చివర అమెరికాలో అనుమతి పొందినప్పుడు, వాటి పెద్ద పరీక్షలలో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిని చేర్చుకోలేదు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వారి గురించి ఏమీ తెలియదన్న మాట. ఆ లోటు తీర్చడానికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ డోరీ సెగెవ్ బృందం పూనుకుంది. 2021 మార్చిలో వారు మొదటి లెక్క ప్రకటించారు. మొదటి మోతాదు పడిన 436 మంది మార్పిడి రోగులలో ప్రతిరక్షకాలు కనబడినవారు 76 మంది, అంటే నూటికి 17. ఆరోగ్యవంతులలో దాదాపు అందరికీ కనబడే దశ అది. రెండో మోతాదు తర్వాత, అదే ఏడాది మే నెలలో, 658 మంది లెక్క వచ్చింది. నూటికి 54 మందికి కనబడ్డాయి, 46 మందికి రెండు మోతాదుల తర్వాత కూడా లేవు.

ఈ లెక్కలో ఇంకో విషయం ఉంది. నా దృష్టిలో ముఖ్యమైనది అదే. మైకోఫెనొలేట్ వంటి ఇటుకల బట్టీ మందు వాడేవారిలో నూటికి 57 మందికి టీకా పట్టలేదు. వాడనివారిలో పట్టనిది నూటికి 18 మందికే. మాత్రలు మానేస్తే సరి అనే మాటకు బీజం ఇక్కడ పడింది. ఆ తేడా నిజమే. అయితే తేడా ఉన్నదని తెలియడం ఒకటి, మందు ఆపితే మేలు జరుగుతుందని తెలియడం ఇంకొకటి. బడిలో పిల్లలు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

మందు ముట్టుకోకుండా చేయగలిగినవి ముందు చూద్దాం. అన్నిటికంటె సులువైనది పాఠాన్ని మళ్ళీ చెప్పడం. హాప్కిన్స్ బృందం 2021 జూన్‌లో మూడో మోతాదు వేయించుకున్న 30 మంది సంగతి ప్రచురించింది. అంతకు ముందు ప్రతిరక్షకాలు బొత్తిగా లేని 24 మందిలో 8 మందికి వచ్చాయి. కొద్దిగా ఉన్న ఆరుగురికీ బాగా పెరిగాయి. 30 మంది అంటే చిన్న లెక్క. కాని ఫ్రాన్సులో టూలూజ్ వైద్యులు 101 మందిని చూశారు. రెండు మోతాదుల తర్వాత నూటికి 40 మందికి ఉన్న ప్రతిరక్షకాలు మూడో మోతాదు తర్వాత 68 మందికి కనబడ్డాయి. కెనడాలో టొరంటో వైద్యులు ఇంకా పకడ్బందీగా, 120 మందిని చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు నిజమైన మూడో మోతాదు, రెండో జట్టుకు ఉప్పునీటి సూది ఇచ్చారు. నిర్ణీత మట్టానికి చేరినవారు మొదటి జట్టులో నూటికి 55, రెండో జట్టులో 18. 2021 ఆగస్టు 12న అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ సంస్థ మార్పిడి రోగులకు మూడో మోతాదును అనుమతించింది. జనసామాన్యానికి అదనపు మోతాదు ఇంకా రాని రోజులవి. ఆ తర్వాత కూడా వీరికి మిగిలినవారికంటె ఎక్కువ మోతాదులు చెబుతూ వచ్చారు. 2024 అక్టోబరులో అమెరికా వ్యాధి నివారణ కేంద్రం వీరికి ఆ ఏడాది టీకా రెండు మోతాదులుగా, ఆరు నెలల ఎడంతో వేయించుకోమంది. ఈ సలహాలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి, పోయిన ఏటి కాగితం చూసుకొని ఈ ఏడాది సరిపెట్టుకోరాదు.

రక్తపరీక్షలో లేదంటే రక్షణ బొత్తిగా లేనట్టా? కాదు. ఆ పరీక్ష పనివాళ్ళు తయారుచేసిన సరుకునే కొలుస్తుంది. రోగం పట్టిన కణాలను నేరుగా చంపే టి కణాలు దానికి కనబడవు. అలాగే ఉందంటే పూర్తి రక్షణ అనీ కాదు. టీకా పట్టిందో లేదో తేల్చడానికి మామూలు ప్రతిరక్షక పరీక్షలను వాడవద్దని పైన చెప్పిన అమెరికా సంస్థే 2021 మేలో హెచ్చరించింది. కాగితం మీద అంకె చూసి బెంగపడేవారూ, అంకె చూసి ముసుగు తీసేసేవారూ ఇద్దరూ తొందరపడుతున్నట్టే.

రెండో ఉపాయం పాఠాన్ని గట్టిగా చెప్పడం. ఏటా వచ్చే ఇన్‌ఫ్లుయెంజా జ్వరపు టీకాలో మామూలు మోతాదుకు నాలుగింతల సరుకు ఉన్న రకం ఒకటుంది. అది 65 ఏళ్ళు దాటినవారి కోసం వచ్చింది. టొరంటోలో 172 మంది మార్పిడి రోగుల మీద దీనిని పోల్చి చూసి 2018లో ఫలితం ప్రచురించారు. కనీసం ఒక రకం వైరస్‌కైనా స్పందన వచ్చినవారు పెద్ద మోతాదుతో నూటికి 79, మామూలు మోతాదుతో 56. స్విట్జర్లాండు, స్పెయిన్ దేశాలలో 600 మందికి పైగా రోగులతో జరిగిన పరీక్ష 2024లో వెలువడింది. మామూలు టీకాతో నూటికి 42, స్పందనను రేపే తైలపు దినుసు కలిపిన టీకాతో 60, పెద్ద మోతాదుతో 66 మందికి స్పందన వచ్చింది. 2024 జూన్‌లో అమెరికా టీకాల సలహా సంఘం 18 నుండి 64 ఏళ్ళ మార్పిడి రోగులకు కూడా ఈ గట్టి రకాలు ఇవ్వవచ్చని చెప్పింది. మందుల దుకాణంలో అడగకపోతే వయసు చూసి మామూలు రకమే వేసేస్తారు. "నాకు మార్పిడి జరిగింది, పెద్ద మోతాదు ఇవ్వవచ్చునా?" అని నోరు తెరిచి అడగాలి. మన పెద్దలు డాక్టరు దగ్గర నోరు మెదపరు, అదొక మర్యాద అనుకుంటారు. ఈ విషయంలో ఆ మర్యాద పనికిరాదు.

మూడోది కాలం. నా మట్టుకు నాకు ఇదే అన్నిటికంటె విలువైనదనిపిస్తుంది, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, కావలసింది ముందుచూపు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని డాక్టరు చెప్పిన రోజునే టీకాల సంగతి తేల్చుకోవాలి, మార్పిడికి పేరు నమోదైన తర్వాత కాదు. మూత్రపిండాలు చెడేకొద్దీ టీకా పట్టడం తగ్గుతూ వస్తుంది. హెపటైటిస్ బి అనే కాలేయపు వాపు టీకా దీనికి పాత ఉదాహరణ. మామూలు పెద్దవారికి 10 లేదా 20 మైక్రోగ్రాముల మోతాదు చాలు. డయాలిసిస్ మీద ఉన్నవారికి 40 ఇస్తారు, ఆ పైన ఏటా రక్తం పరీక్షించి, మట్టం 10 యూనిట్లకు తగ్గితే మళ్ళీ వేస్తారు. జబ్బు ముదరకముందే వేయించుకున్నవారికి ఇంత తంటా తరచుగా ఉండదు.

బతికి ఉన్న క్రిమిని బలహీనపరిచి చేసే టీకాల విషయంలో ఈ ముందుచూపు ఇంకా అవసరం. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకా, ఆటలమ్మ టీకా ఈ జాతివి. మార్పిడి తర్వాత వీటిని సాధారణంగా ఇవ్వరు, ఆ బలహీన క్రిమే రోగం తేగలదు. మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందే అవి పడిపోవాలి. అమెరికాలో తట్టు మాయమైందిలే అనుకునే రోజులు కావు ఇవి. 2025లో అక్కడ మూడు దశాబ్దాలలో ఎన్నడూ లేనంత మందికి తట్టు సోకింది. నిర్జీవ టీకాలకు ఈ భయం లేదు. కాని మార్పిడి జరిగిన తొలి నెలల్లో మందులు బలంగా ఉంటాయి కాబట్టి, చాలా టీకాలకు మూడు నుండి ఆరు నెలలు ఆగుతారు. ఇన్‌ఫ్లుయెంజా టీకా మాత్రం జ్వరాల కాలం వస్తే నెల దాటగానే వేస్తారు.

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. ఆటలమ్మ వచ్చి తగ్గినవారిలో ఏళ్ళ తర్వాత నడుము చుట్టూ మంటతో పొక్కే సర్పికి, ఇంగ్లీషువారు షింగిల్స్ అనేదానికి, ఒకప్పుడు సజీవ టీకాయే దిక్కు. మార్పిడి రోగులకు అది నిషిద్ధం. 2017లో అమెరికాలో షింగ్రిక్స్ అనే నిర్జీవ టీకా వచ్చింది. మూత్రపిండ మార్పిడి రోగులలో నూటికి 80 మందికి అది పట్టినట్టు పరీక్షలో తేలింది. మందులు మింగుతున్నప్పుడే ఇంత ఫలితం! అందులో ఉన్న స్పందన రేపే దినుసు గొప్పతనమది. 2021 జులై నుండి రోగనిరోధక శక్తి తగ్గినవారికి 18 ఏళ్ళు దాటితే చాలు, దానికి అనుమతి ఉంది.

ఇప్పుడు మాత్రలు మానే ప్రశ్నకు వద్దాం. సుబ్బారావుగారి మెథోట్రెక్సేట్ వాడే కీళ్ళవాతం రోగులలో ఇది నిజంగా పనిచేసింది. దక్షిణ కొరియాలో ఇన్‌ఫ్లుయెంజా టీకా తర్వాత రెండు వారాలు ఆ మందు ఆపినవారిలో నూటికి 75 మందికి తృప్తికరమైన స్పందన వచ్చింది, ఆపనివారిలో 55 మందికి. 2018లో ప్రచురించిన లెక్క ఇది. ఇంగ్లండులో 2022లో కోవిడ్ టీకాతోనూ అలాగే జరిగింది, రెండు వారాలు ఆపితే ప్రతిరక్షకాలు దాదాపు రెండింతలయ్యాయి. ఆపినందుకు పడవలసిన శిక్ష కొన్నాళ్ళ కీళ్ళనొప్పి, అది మళ్ళీ తగ్గుతుంది.

మార్పిడి రోగి సంగతి వేరు. అతని మందు ఆగితే లేచేది కీళ్ళనొప్పి కాదు, కొత్త అవయవం మీద తిరుగుబాటు. పోయిన మూత్రపిండం తిరిగి రాదు. బెర్లిన్‌లోని షారితే ఆసుపత్రివారు 2021లో, అంతకు ముందు మోతాదులు పట్టని 29 మంది మూత్రపిండ రోగులకు, తమ కళ్ళెదుట ఉంచుకొని, మైకోఫెనొలేట్ కొన్ని వారాలు ఆపి నాలుగో మోతాదు వేశారు. 22 మందికి పట్టింది. ఆశ కలిగించే ఫలితమే. కాని పోల్చడానికి మందు ఆపని జట్టు లేదు. నెదర్లాండ్స్ వైద్యులు రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు టీకాకు వారం ముందూ వారం తర్వాతా మైకోఫెనొలేట్ ఆపారు. 2023లో ఫలితం వచ్చింది: ఆపినందువల్ల అదనపు లాభం ఏమీ కనబడలేదు. రెండు వారాలు ఆపడం చాలదేమో, ఎక్కువకాలం ఆపితే ఎంత ప్రమాదమో అనే విచారణ పరిశోధకులది. వారు ప్రతి రోగి రక్తాన్నీ తరచుగా పరీక్షిస్తూ, తిరుగుబాటు లక్షణం కనబడితే వెంటనే మందు పెంచే ఏర్పాటుతో ఆ పని చేస్తారు.

కాబట్టి ఎవరో బంధువు ఫోనులో చెప్పాడని, పక్కింటివారు కీళ్ళమందు ఆపి బాగుపడ్డారని, మార్పిడి మాత్ర ఒక్క పూట కూడా మానరాదు. మార్చదలిస్తే మార్చవలసింది మార్పిడి వైద్యబృందమే. కొంతమందికి వారే మందులు సర్దుతారు, అది వారి లెక్క.

టీకా ఎంతకీ పట్టనివారికి తయారైన ప్రతిరక్షకాలనే సూదితో ఎక్కించే పద్ధతి ఒకటి వచ్చింది. 2021 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఎవుషెల్డ్, వైరస్ రూపం మార్చుకోవడంతో 2023 జనవరికల్లా నిరుపయోగమై అనుమతి కోల్పోయింది. 2024 మార్చిలో పెమ్‌గార్డా అనే మరొకటి అత్యవసర అనుమతి పొందింది. ఎరువు తెచ్చుకున్న నగలాంటి రక్షణ ఇది, గడువు తీరగానే పోతుంది.

రోగి శరీరం వినని పాఠాన్ని ఇంట్లోవారి శరీరాలు వింటాయి. భార్య, పిల్లలు, మనవలు తమ టీకాలన్నీ వేయించుకుంటే రోగం గుమ్మం దగ్గరే ఆగే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో పిల్లలకు తట్టు టీకా వేయించవచ్చు, దానివల్ల రోగికి భయం లేదు. నోటిలో వేసే పోలియో చుక్కలు మాత్రం వద్దు. ఆ సజీవ క్రిమి పిల్లల మలంలో వారాల తరబడి బయటికి వస్తుంది. అమెరికాలో 2000 సంవత్సరం నుండి పోలియోకు సూదిమందే వాడుతున్నారు. కాని ఇండియాలో చుక్కలు ఇంకా ఉన్నాయి. పసిపిల్లతో పూర్వీకుల ఊరు చూడబోయే కుటుంబంలో మార్పిడి రోగి ఉంటే ఈ సంగతి బయలుదేరకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. టైఫాయిడుకు కూడా మింగే గొట్టాలలోది సజీవ టీకా, సూదిమందు నిర్జీవమైనది. రోగికి సూదిమందే ఇవ్వాలి. ఆఫ్రికా ఖండంలో కొన్ని దేశాలకు వెళ్ళేవారిని అడిగే పచ్చజ్వరపు టీకా సజీవమైనదే, దానికి నిర్జీవ రకం లేదు. అలాంటి ప్రయాణం తలపెట్టిన మార్పిడి రోగికి డాక్టరు మినహాయింపు పత్రం రాసి ఇస్తారు. ఆ పత్రం సరిహద్దు దాటిస్తుంది గాని దోమను ఆపదు. అందుచేత ఆ జ్వరం తిరిగే చోటికి వెళ్ళక తప్పదా అని ముందు ఆలోచించుకోమని కూడా ఆ డాక్టరే చెబుతారు.